పెన్సిల్‌కు ముందు చేతికి చాలా పనుంది: చిన్నపిల్లల సెన్సరీ, ఫైన్ మోటార్ ఆటల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టినప్పటి నుంచి ఆరేళ్ళ దాకా ఉన్న పిల్లల తల్లిదండ్రులు ప్లే స్కూల్లో నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. వయసులు రాసినచోట కొన్ని నెలలు అటూ ఇటూ కావడం మామూలే. కంగారు పడాల్సినచోట ఆ మాట విడిగా చెప్పాను.

సెన్సరీ ఆటలంటే ఏమిటి? ఫైన్ మోటార్ అంటే ఏమిటి? రెండూ ఒకటేనా?

సెన్సరీ ఆట అంటే ఇంద్రియాలకు పని పెట్టే ఆట. ఇసుక తవ్వడం, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్ళు ఒంపడం, డబ్బా ఊపి లోపలేముందో విని చూడటం, అన్నీ అవే. ఇంద్రియాలంటే ఐదని మనకు అలవాటు. పిల్లల ఎదుగుదల చూసేవాళ్ళు ఇంకో రెండు తప్పకుండా కలుపుతారు. ఒకటి లోపలి చెవిలో ఉండే సమతూకం: తల ఎటు వంగింది, ఒళ్ళు ఎటు తూలుతోంది అన్నది చెప్పేది. రెండోది కండరాల నుంచీ కీళ్ళ నుంచీ మెదడుకు చేరే కబురు. కళ్ళు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో, గ్లాసును ఎంత గట్టిగా పట్టుకున్నామో తెలిసేది దీనివల్లే. ఆకలి, దాహం, బాత్రూమ్‌కు వెళ్ళాలనిపించడం లాంటి లోపలి గుర్తులను కూడా కొందరు వీటితో పాటే లెక్కపెడతారు.

ఫైన్ మోటార్ అంటే వేళ్ళూ మణికట్టూ కలిసి చేసే చిన్న చిన్న పనులు: మూత తిప్పడం, పూస గుచ్చడం, జిప్పు లాగడం, గీత గీయడం. ఈ రెండింటినీ విడదీసి చూడలేం. మనం చూడకుండానే గుండీ పెట్టుకోగలుగుతున్నామంటే వేలికొసలు గుండీ అంచునూ కాజానూ తడిమి పట్టుకుంటున్నాయి కాబట్టి. చలికి వేళ్ళు తిమ్మిరెక్కినప్పుడు అదే గుండీ ఎంత సతాయిస్తుందో అందరికీ తెలుసు. 1937లో మెదడు సర్జన్లు వైల్డర్ పెన్‌ఫీల్డ్, ఎడ్విన్ బోల్డ్రీ మెదడులో ఏ చోటు ఏ అవయవానికి పనిచేస్తుందో గుర్తించి ప్రచురించారు. అందులో చేతికీ పెదవులకూ దక్కిన వాటా మొండెం మొత్తానికి దక్కినదాని కంటే చాలా పెద్దది. దొరికిన ప్రతిదీ పట్టుకుని నోట్లో పెట్టుకునే పసివాడు తనకున్న అతి పదునైన పరికరాలతోనే లోకాన్ని పరిశీలిస్తున్నాడు.

ఏ వయసుకు చేతులు ఏం చేయగలగాలి?

పుట్టిన బిడ్డ అరచేతిలో వేలు పెడితే గట్టిగా పట్టేసుకుంటుంది. అది తనంతట తానుగా జరిగే చర్య, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పోతుంది. అది పోయాకే కావాలని పట్టుకోవడం కుదురుతుంది. ఆరు నెలలప్పుడు వస్తువును ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటారు, చిన్నదేదైనా కనిపిస్తే వేళ్ళన్నిటితో దగ్గరికి గోక్కుంటారు. తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య బొటనవేలు, చూపుడువేలు కలిసి చిటికెతో తీయడం వస్తుంది. పట్టుకున్నది కావాలని వదలడం కూడా ఆ రోజుల్లోనే నేర్చుకుంటారు. చెంచా పదేపదే కింద పడేసే పాప మిమ్మల్ని విసిగించాలని చేయడం లేదు, వదలడం సాధన చేస్తోంది.

పదిహేను నెలలకు రెండు వస్తువులు ఒకదానిమీద ఒకటి పెడతారు. ఏడాదిన్నరకు పిచ్చిగీతలు గీస్తారు. రెండున్నరేళ్ళకు మూత తిప్పి తీయడం, పుస్తకంలో పేజీలు ఒక్కొక్కటిగా తిప్పడం. మూడేళ్ళకు పెద్ద పూసలు గుచ్చడం, కొన్ని బట్టలు సొంతంగా వేసుకోవడం. నాలుగేళ్ళకు క్రేయాన్‌ను పిడికిలితో కాకుండా వేళ్ళతో పట్టుకోవడం, కొన్ని గుండీలు విప్పడం. ఐదేళ్ళకు కొన్ని గుండీలు పెట్టుకోవడం. విప్పడం ముందు, పెట్టుకోవడం తర్వాత. బట్టల విషయంలో ఈ వరుస గుర్తుంచుకుంటే పొద్దున్నే జరిగే సగం గొడవలు తగ్గుతాయి.

మా పాపకు ఎనిమిది నెలలు. ఇప్పుడే చేయించాల్సినవి ఏమైనా ఉన్నాయా?

నేల మీద చోటివ్వడం. ఈ వయసులో దాన్ని మించింది లేదు. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండగా, బోర్లా పడుకోబెట్టడం పుట్టిన కొద్ది రోజులకే మొదలుపెట్టవచ్చు. ఇంకా కదలడం రాని పసివాళ్ళు రోజు మొత్తంలో కనీసం 30 నిమిషాలు, విడతలు విడతలుగా, ఇలా గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నిద్రపుచ్చేది మాత్రం వెల్లకిలానే. బోర్లా పడుకుని తలెత్తితే మెడకూ భుజాలకూ బలం వస్తుంది. పాకేటప్పుడు అరచేతులు విచ్చుకుని ఒంటి బరువును మోస్తాయి. రేపు పెన్సిల్‌ను నిలకడగా నడిపే బలానికి పునాది అక్కడే పడుతుంది.

ఆట వస్తువులుగా ఒక బుట్టలో చెక్క గరిటె, చిన్న తువ్వాలు, లోహపు గిన్నె, పెద్ద బ్రష్షు వేసి ముందు పెట్టండి. మూడు నాలుగు వస్తువులు చాలు. అన్నీ నోట్లోకే వెళ్తాయి, కాబట్టి ముందే కడిగి ఉంచాలి. ఇక మీరు పక్కన కూర్చుని చూడండి. గరిటెతో గిన్నె మీద కొడుతుంది, మోగుతుంది. తువ్వాలు మీద కొడుతుంది, మోగదు. చెయ్యి గాల్లో ఆగిపోతుంది. గరిటె వంక చూస్తుంది, తువ్వాలు వంక చూస్తుంది, మళ్ళీ గిన్నె మీద కొడుతుంది. ఆ ఆగిన క్షణంలో "కొట్టు కొట్టు, ఇంకోసారి కొట్టు" అని మనం మధ్యలో దూరితే తను చేస్తున్న ఆలోచన తెగిపోతుంది.

బాబుకు మూడేళ్ళు నిండాయి. పెన్సిల్ పట్టుకోవడం రావడం లేదు. రోజూ కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాలా?

వద్దు. ఇది అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న, నేను అన్నిటికంటే గట్టిగా జవాబు చెప్పేదీ దీనికే.

వేళ్ళను కదిలించే కండరాలు వేళ్ళలో ఉండవు. అరచేతిలో, ముంజేతిలో ఉండి, కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళలాంటి టెండన్ల ద్వారా వేళ్ళను లాగుతాయి. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి, పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఒక్కొక్కటిగా ఏళ్ళ తరబడి గట్టిపడుతూ వస్తాయి. మూడేళ్ళ పిల్లాడి చెయ్యి మన చేతికి చిన్న సైజు నమూనా కాదు, ఇంకా తయారవుతున్న చెయ్యి.

పట్టు కూడా మెట్లు మెట్లుగా వస్తుంది. మొదట పిడికిలితో పట్టుకుని భుజం నుంచి గీస్తారు. రెండు, మూడేళ్ళప్పుడు వేళ్ళన్నీ కాగితం వైపు చూపిస్తూ పట్టుకుని మోచేతి నుంచి కదిలిస్తారు. నాలుగు దగ్గరపడేసరికి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ముందుకొస్తాయి, అయినా కదిలేది మణికట్టే. మణికట్టు కాగితం మీద ఆనించి వేళ్ళు మాత్రమే కదిలేలా గీయడం ఐదారేళ్ళ మాట. గీతలదీ అదే వరుస: చూసి నిలువు గీత గీయడం రెండేళ్ళకు, గుండ్రం మూడేళ్ళకు, ప్లస్ గుర్తు నాలుగేళ్ళకు, చతురస్రం నాలుగున్నరకు, త్రిభుజం ఐదేళ్ళకు. ఏటవాలు గీతే ఇంకా రాని పిల్లాడి చేత మెలికలు తిరిగే అక్షరం దిద్దిస్తే ఏం జరుగుతుంది? బలమంతా పెట్టి పెన్సిల్‌ను నలిపేస్తాడు, భుజం బిగబట్టేస్తాడు, కొన్నాళ్ళకు పుస్తకం తీయగానే లేచిపోతాడు. ఆ వయసులో బిగిసిన పట్టును తర్వాత వదిలించడం చాలా కష్టం.

దిద్దించే బదులు మూడు పనులు చేయండి. పొడవాటి పెన్సిల్ తీసేసి, విరిగిన పొట్టి క్రేయాన్ ముక్కలివ్వండి. అంగుళం ముక్కను పిడికిలితో పట్టుకోవడం కుదరదు, ఎవరూ చెప్పకుండానే వేళ్ళు ముందుకొస్తాయి. రెండోది, కాగితాన్ని బల్ల మీద కాకుండా గోడకు అతికించండి. నిలువుగా ఉన్న కాగితం మీద గీసేటప్పుడు మణికట్టు వెనక్కి వంగి, భుజం పనిచేస్తుంది. రాతకు కావలసిన భంగిమ అదే. మూడోది, చేతికి బరువు పడే ఆటలు: మనం కాళ్ళు పట్టుకుంటే చేతుల మీద నడవడం, కడ్డీ పట్టుకుని వేలాడటం, తడిబట్ట పిండటం.

పెద్దయ్యాక కూడా కొందరు మూడు వేళ్ళకు బదులు నాలుగు వేళ్ళతో పట్టుకుంటారు. రాత చదవగలిగేలా ఉండి, చెయ్యి నొప్పెట్టకపోతే దాన్ని మార్చే పని పెట్టుకోకండి.

సెన్సరీ కిట్లు, బొమ్మలు కొనాలా? ఇంట్లో ఉన్నవాటితో సరిపోతుందా?

సరిపోతుంది. నిజం చెప్పాలంటే ఇంటిపనే మేలు, ఎందుకంటే దానికి అర్థం ఉంటుంది. పూసలు గుచ్చి మళ్ళీ తీసేయమంటే నాలుగోసారికి విసుగొస్తుంది. అదే గుడ్డలు ఆరేయడానికి క్లిప్పులు అందివ్వమంటే బకెట్టు ఖాళీ అయ్యేదాకా నిలబడతారు. ఇటలీ డాక్టరు, విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్‌లో మొదటి బాలల గృహం తెరిచినప్పటి నుంచి ఆ పద్ధతిలో ఊడవడం, ఒంపడం, గుండీలు పెట్టడం లాంటి పనులే పాఠాలు. వందేళ్ళు దాటినా ఆ లెక్క తప్పలేదు.

బట్టల క్లిప్పు నొక్కితే చిటికె పట్టుకు బలం. స్పాంజితో ఒక గిన్నెలో నీళ్ళు పీల్చి ఇంకో గిన్నెలో పిండితే అరచేతికి బలం. పిండి కలపడం, బఠాణీలు ఒలవడం, నారింజ తొక్క తీయడం, ఆకులు తుంచడం, సాక్సులు జతచేయడం, కాగితం చింపడం, స్టిక్కర్ ఒలిచి అతికించడం. చింపడాన్ని తేలిగ్గా తీసుకోకండి. రెండు చేతులూ ఎదురెదురు దిక్కుల్లో కదలాలి, బొటనవేళ్ళు దగ్గరగా ఉండాలి. కత్తెరకు ముందు పాఠం అది.

ఒకే ఒక్క పని చెప్పమంటే నేను మూత సీసా చెబుతాను. గాజుది కాకుండా వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ సీసా తీసుకుని, లోపల పిల్లాడికి ఇష్టమైన, గొంతుకు అడ్డం పడనంత పెద్ద బొమ్మ వేసి, మూత వదులుగా బిగించి ఇవ్వండి. మొదట సీసాను ఊపుతాడు. బోర్లిస్తాడు. పళ్ళతో కొరుకుతాడు. తర్వాత మూత పట్టుకుని తిప్పుతాడు, కానీ సీసా కూడా దాంతోపాటే తిరిగిపోతుంది. రెండో చేత్తో సీసాను బిగించి పట్టుకోవాలని తట్టేదాకా అది తెరుచుకోదు. ఒక చెయ్యి ఆపుతుంటే ఇంకో చెయ్యి పనిచేయడం అక్కడ పుడుతుంది. రాసేటప్పుడు కాగితాన్ని ఎడమచేత్తో ఆపడం, కత్తిరించేటప్పుడు కాగితం తిప్పడం, అన్నం తినేటప్పుడు పళ్ళెం పట్టుకోవడం అన్నీ దీని పిల్లలే. మనం చేయాల్సిందల్లా చేతులు కట్టుకుని కూర్చోవడం. అతను సీసా మన చేతికిస్తే కొంచెం వదులు చేసి తిరిగి ఇవ్వాలి, పూర్తిగా తీసి ఇవ్వకూడదు.

ప్లే డో ఇంట్లో చేసుకోవచ్చు. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, రెండు కప్పుల నీళ్ళు, రెండు పెద్ద చెంచాల నూనె కలిపి సన్నని మంట మీద కలియబెడుతూ ఉంటే కాసేపటికి గిన్నెకు అంటకుండా ముద్దవుతుంది. చల్లారాక బాగా మర్దించి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. అచ్చులు, కట్టర్లు మొదటి రోజే ఇస్తే పిల్లలు వాటితోనే సరిపెడతారు. ముందు వట్టి చేతులతో నొక్కనివ్వండి, సాగదీయనివ్వండి, వేలితో గుచ్చనివ్వండి.

తినే వస్తువులతో ఆడించడం మనసొప్పడం లేదు. వేరే దారి ఉందా?

ఉంది. ఇసుక, నీళ్ళు, మట్టి, ఎండుటాకులు, చింపిన కాగితాలు, గుడ్డముక్కలు, సబ్బు నురగ, మంచుగడ్డలు. గింజలతో వచ్చే లాభమేదీ వీటితో రాకుండా పోదు. వంటలో సాయం చేయించినా తిండి పారేసినట్టు కాదు.

ఏయే వస్తువులతో జాగ్రత్త?

ఈ జవాబును పూర్తిగా చదవండి, ఇంట్లో పిల్లల్ని చూసుకునే వాళ్ళందరి చేతా చదివించండి.

మూడేళ్ళలోపు పిల్లల ఆటవస్తువు ఏదైనా టాయిలెట్ పేపర్ చుట్ట మధ్యలో ఉండే అట్టగొట్టంలోంచి జారిపోతే అది గొంతుకు అడ్డం పడే సైజని లెక్క. మూడు దాటినా వస్తువులు నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలకు ఇదే నియమం. గింజలు ముక్కులోకీ చెవుల్లోకీ వెళ్తాయి. తడి తగిలితే అక్కడే ఉబ్బుతాయి, అప్పుడు తీయడం ఇంకా కష్టం. పచ్చి రాజ్మా గింజలు నమిలి మింగితే విషం, వాటిని అసలు వాడకండి.

నీళ్ళలో ఉబ్బే జెల్లీ పూసలు, వాటర్ బీడ్స్ అంటారు, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. మింగితే కడుపులో కూడా అలాగే ఉబ్బి పేగుకు అడ్డం పడతాయి. ఎక్స్‌రేలో సరిగా కనిపించవు కూడా. చిన్నపిల్లలున్న ఇంట్లో అవి ఉండకపోవడమే మంచిది. నాణెంలా ఉండే చిన్న బటన్ బ్యాటరీ మింగి అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే తీవ్రమైన కాలినగాయం చేయగలదు. మింగిందన్న అనుమానం ఉంటే చాలు, లక్షణాల కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. చిన్న బలమైన అయస్కాంతాలు రెండు మింగితే పేగు గోడలను మధ్యలో నొక్కి రంధ్రం చేస్తాయి. పగిలిన బెలూన్ ముక్క ఊపిరి దారిని పూర్తిగా మూసేయగలదు, అందుకే పిండి నింపిన బెలూన్ బంతులు చిన్నవాళ్ళకు ఇవ్వవద్దు.

పచ్చి పిండిలో రోగకారక బాక్టీరియా ఉండవచ్చు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల ఆటకు పచ్చిపిండి వద్దు. ప్లే డోలో ఉప్పు ఎక్కువ, ఎక్కువగా తింటే ఒంట్లో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. బోరాక్స్ అనే రసాయనం కలిపి చేసే జిగురు ముద్ద, అంటే స్లైమ్, చిన్నపిల్లలకు పనికిరాదు. పూసలు గుచ్చే దారం పొట్టిగా ఉండాలి, ఆట అయ్యాక తీసేయాలి.

నీళ్ళ ఆట అన్నిటికంటే ఇష్టమైనది, అన్నిటికంటే కనిపెట్టి ఉండాల్సినది కూడా. కొద్ది సెంటీమీటర్ల నీటిలోనూ పసిపిల్లలు మునిగిపోతారు, చప్పుడు కూడా కాదు. ఫోన్ మోగినా, తలుపు తట్టినా పిల్లను ఎత్తుకునే వెళ్ళండి. ఆట కాగానే టబ్బు ఖాళీ చేసి బోర్లించండి.

మా బాబు ఇసుక ముట్టుకోడు, రంగులు అంటితే ఏడుస్తాడు. అలవాటు చేయడానికి చెయ్యి పట్టి ముంచవచ్చా?

దయచేసి అలా చేయకండి. ఆ జిగురు స్పర్శ మనకు చిన్న విషయమే కావచ్చు, అతనికి నిజంగానే భరించలేనిది కావచ్చు. ఒకసారి బలవంతం చేస్తే ఇసుక అంటే భయంతోపాటు మన చెయ్యి అన్నా భయం పట్టుకుంటుంది.

దూరం నుంచి మొదలుపెట్టండి. చేతికి ముందు పనిముట్టు: ఇసుకకు చెంచా, రంగుకు పొడవాటి బ్రష్షు. తడి వస్తువులకు ముందు పొడివి. రంగును జిప్ సంచిలో పోసి మూతి టేపుతో అతికించి ఇస్తే చెయ్యి తడవకుండానే పైనుంచి నొక్కి, తోసి ఆడవచ్చు. పక్కన తడిగుడ్డ తప్పనిసరి. ఎప్పుడంటే అప్పుడు తుడుచుకోవచ్చని తెలిస్తే ధైర్యం వస్తుంది. తేలికగా తాకడం కంటే గట్టిగా నొక్కడాన్ని ఇలాంటి పిల్లల్లో చాలామంది బాగా ఓర్చుకుంటారు. కాబట్టి ఆటకు ముందు దిండ్లు మోయించడం, గోడను తోయించడం, అరచేతులు గట్టిగా రుద్దుకోమనడం పనికొస్తాయి.

ఇలాంటి ఒక పాప మొదట బ్రష్షు కొసను మాత్రమే పట్టుకునేది. రంగు చుక్క వేలికి అంటగానే గుడ్డకు తుడుచుకునేది, మళ్ళీ బ్రష్షు తీసుకునేది. ఎవరూ ఏమీ అనలేదు. వారాలు గడిచాక ఒకరోజు తుడుచుకోకుండా ఆ వేలిని కాగితం మీద అద్ది, పడిన ముద్రను చూస్తూ ఉండిపోయింది. చప్పట్లు కొట్టాలనిపిస్తుంది అలాంటప్పుడు. కొట్టకపోవడమే మంచిది.

తాకడం ఒక్కటే కాకుండా తిండి, బట్టలు, స్నానం, తల దువ్వడం అన్నిటిలోనూ ఇదే బాధ ఉండి, ఇంట్లో రోజు గడవడమే కష్టమైతే నిపుణులకు చూపించండి.

రెండు నిమిషాలకే వదిలేసి వెళ్ళిపోతాడు. ఎంతసేపు కూర్చోబెట్టాలి?

కూర్చోబెట్టకండి. రెండేళ్ళ పిల్లలకు రెండు మూడు నిమిషాలు చాలాసార్లు చాలు. అదే వస్తువు రేపు మళ్ళీ కనిపిస్తే మళ్ళీ వస్తాడు. నిజంగా నచ్చింది దొరికితే అరగంట తలెత్తడు, అప్పుడు భోజనానికి పిలవడం ఓ ఐదు నిమిషాలు ఆలస్యమైనా పర్వాలేదు. ఎప్పుడూ వదిలేస్తున్నాడంటే పని మరీ తేలికో మరీ కష్టమో అయ్యుంటుంది. మూత ఇంకాస్త బిగించి చూడండి, లేదా వదులు చేయండి.

ఇల్లంతా గందరగోళం అవుతోంది.

అవుతుంది. కింద పాత దుప్పటి పరిచి, పదార్థం గుప్పెడే పోసి, ఆట దాని మీదే అని చెప్పండి. చిన్న చీపురు, గుడ్డ చేతికిచ్చి శుభ్రం చేయడాన్ని ఆటలో భాగం చేయండి. ఓపిక లేని రోజున స్నానాల గదిలో నీళ్ళ ఆట పెట్టుకోండి, మీరూ అక్కడే కూర్చుని.

ఎడమచేతితో చేస్తోంది. మార్పించాలా?

మార్చకండి. సుమారు పదిమందిలో ఒకరిది ఎడమచేతివాటం, అది మెదడు అమరికలోనే ఉంటుంది. రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య వాటం బయటపడుతుంది, ఐదారేళ్ళకు స్థిరపడుతుంది. అప్పటిదాకా వస్తువును ఆ చేతికో ఈ చేతికో ఇవ్వకుండా ఎదురుగా మధ్యలో పెట్టండి, ఏ చేత్తో తీసుకోవాలో తనే తేల్చుకుంటుంది. రాసేటప్పుడు కాగితాన్ని కుడివైపుకు కొంచెం వంచి పెడితే ఏం రాస్తోందో తనకు కనిపిస్తుంది. కత్తెర మాత్రం ఎడమచేతివాళ్ళ కోసం చేసినదే కొనండి. మామూలు కత్తెరను ఎడమచేత్తో పడితే పై అలుగు గీతను కప్పేస్తుంది.

ఒక్క హెచ్చరిక: ఏడాదిన్నర నిండకముందే, ఏ చెయ్యి అయినా సరే, ఒక్క చేతినే వాడుతూ రెండోదాన్ని కదలించడం తక్కువగా ఉంటే దాన్ని వాటం అనుకోకండి. రెండో చేతిలో బలహీనత ఉందేమో పిల్లల డాక్టరుకు చూపించాలి.

కత్తెర ఎప్పుడు ఇవ్వచ్చు?

రెండున్నర, మూడేళ్ళప్పుడు, కొస గుండ్రంగా ఉన్నది, మీరు పక్కన కూర్చుని. మొదట ప్లే డో చుట్టలు, తర్వాత ఒక్క నొక్కుతో తెగిపోయేలా మందపాటి కాగితంతో చేసిన సన్నని పట్టీలు. పల్చటి కాగితం వంగిపోయి విసిగిస్తుంది. బొటనవేలు పైకి కనిపించేలా పట్టుకోవాలి, దాని గోరు మీద చిన్న స్టిక్కర్ అతికించి "ఇది ఎప్పుడూ నీకు కనిపిస్తూ ఉండాలి" అంటే చాలు. తిన్నని లావు గీత వెంట కత్తిరించడం నాలుగేళ్ళకు, గుండ్రం ఐదేళ్ళకు వస్తుంది.

ట్యాబ్‌లో అక్షరాలు దిద్దే యాప్‌లు ఉన్నాయి కదా, అవి చాలవా?

అద్దం మీద వేలు జారుతుంది, అంతే. నొక్కినా, మెల్లగా తాకినా ఒకటే. క్రేయాన్ నొక్కితే రంగు ముదురుతుంది, ఎక్కువ నొక్కితే విరుగుతుంది. ఎంత బలం పెట్టాలో చేతికి తెలిసేది ఆ విరిగినప్పుడే. రెండేళ్ళలోపు స్క్రీన్ వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట మించకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని 2019 ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో ఉంది.

ఈ ఆటలతో తెలివి పెరుగుతుందా? ఆటిజం తగ్గుతుందా?

ఇలాంటి మాటలు చెప్పి కిట్లు అమ్మేవాళ్ళను నమ్మకండి. ఆటలు చేతికి బలాన్ని, నేర్పును ఇస్తాయి, పనిలో నిలకడనిస్తాయి, చేస్తూ చేస్తూ మనతో మాట్లాడటానికి మాటలనిస్తాయి. "జారుతోంది", "జిగురుగా ఉంది", "నిండిపోయింది" లాంటి మాటలు ఇంతకంటే బాగా నేర్పే చోటు లేదు. జబ్బులు నయం చేసే శక్తి వాటికి లేదు.

సెన్సరీ ఇంటిగ్రేషన్ అనే సిద్ధాంతానికి రూపమిచ్చినవారు అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకునేలా సాయపడే చికిత్సా నిపుణురాలు) జీన్ ఎయిర్స్, 1960, 70లలో. ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు కలుపుకోవడంలో తేడాలుంటే ప్రవర్తనలో, నేర్చుకోవడంలో కనిపిస్తాయని ఆమె చెప్పారు. ఆ తేడాలు నిజమే. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5లో, అంటే మానసిక, ఎదుగుదల సమస్యలను గుర్తించడానికి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వేసిన వర్గీకరణ పుస్తకంలో, ఆటిజం లక్షణాల పట్టికలోనూ స్పర్శకు, శబ్దాలకు అతిగానో తక్కువగానో స్పందించడాన్ని చేర్చారు. కానీ 'సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్'ను విడి జబ్బుగా అందులో పెట్టలేదు. దాన్ని రోగనిర్ధారణగా వాడవద్దని 2012లో అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ కూడా చెప్పింది. ఎవరైనా మీ పిల్లకు ఈ పేరు పెడితే అక్కడితో ఆగకుండా, దాని వెనక ఇంకేదైనా ఉందేమో పిల్లల డాక్టరును అడగండి. థెరపీ మొదలుపెడితే ఏం మారాలనుకుంటున్నారో ముందే రాసుకోండి: "నెల తర్వాత తల దువ్వించుకోవాలి" లాంటి కంటికి కనిపించే మార్పు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

నాలుగు నెలలు దాటినా పిడికిళ్ళు ఎప్పుడూ మూసే ఉంటే. ఏడాది దాటి కొన్ని నెలలైనా చిటికెతో తీయడం రాకపోతే. ఏడాదిన్నర లోపే ఒక్క చేతినే వాడుతుంటే. మూడేళ్ళు దాటినా మూతలు తిప్పడం, బట్టలు విప్పుకోవడం ఏదీ రాకపోతే. ఐదేళ్ళకు చేతిపని అంటేనే తప్పించుకు తిరుగుతూ, తోటిపిల్లల కంటే బాగా వెనకబడి ఉంటే. వచ్చిన పనిని మరిచిపోతే, అంటే నిన్నటిదాకా చేసింది ఇప్పుడు చేయలేకపోతే, వయసుతో పనిలేదు, ఆలస్యం చేయకండి. చూపు, వినికిడి కూడా పరీక్ష చేయించండి. పూస గుచ్చలేకపోవడానికి కారణం కళ్ళలో ఉండవచ్చు.

బడి వయసు పిల్లల్లో సుమారు 5 నుంచి 6 శాతం మందికి డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ ఉంటుందని అంచనా. తెలివి బాగానే ఉన్నా చేతులు, కాళ్ళు చెప్పిన మాట వినవు. ఐదేళ్ళ ముందు దాన్ని సాధారణంగా నిర్ధారించరు. ఇలాంటి పిల్లలను సోమరి అని, అశ్రద్ధ అని తిట్టడం ఇళ్ళలోనూ బళ్ళలోనూ చూస్తుంటాం. వాళ్ళు మిగతా పిల్లల కంటే రెట్టింపు కష్టపడుతూ ఉంటారు.

ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళినా పిల్లలకు భయపడాల్సిందేమీ ఉండదు. ఎక్కువగా ఆడించి చూస్తారు, మీతో మాట్లాడతారు, ఇంట్లో చేయించాల్సినవి చెబుతారు. కొత్త చోట పిల్లలు బిగుసుకుపోతారు కాబట్టి ఇంట్లో తింటున్నప్పుడు, గీస్తున్నప్పుడు, చెప్పులు వేసుకుంటున్నప్పుడు ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు తీసి పట్టుకెళ్ళండి. పిల్లాడు ఎక్కడ చిక్కుకుంటున్నాడో నోటితో చెప్పడం కంటే వాటిలో తేలిగ్గా తెలుస్తుంది.